కాళ్ళకని కాచుకున్న నీళ్ళు

ఆకులు రాలే రోజులొచ్చాయంటే ఆయాకి ఒక పని ఎక్కువవుతుంది. సాయంత్రం కాగానే పెద్దమ్మగారిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, టబ్బులో వేడినీళ్ళు పోసి, ముందు తన మోచేయి ముంచి చూసి, అప్పుడు ఆవిడ కాళ్ళు పెట్టిస్తుంది. ఆయా మడమలు బీటలు వారి నడుస్తుంటే నేలని గీరుతాయి. పెద్దమ్మగారివి పసిపిల్ల పాదాల్లా ఉంటాయి. "ప్రాణం లేచొచ్చిందే" అంటూ పెద్దమ్మగారు కళ్ళు మూసుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆ మాట విని విని, అదేమిటో తనూ చూడాలనుకుంది ఆయా. మూడు నెలలకి ఒక్క సాయంత్రం సెలవు దొరికితే ఇంట్లో నీళ్ళు కాచుకుంది.

"ఏంటత్తయ్యా, ఎవరికి బాలేదు?" అంది కోడలు.

"ఎవరికీ కాదు. కాసేపు నేనూ అమ్మగారినవుతా. అడ్డం రాకు" అని నవ్వి, పాత దుప్పటి కప్పుకుని, మోచేయి ముంచి చూసుకుని మరీ కాళ్ళు పెట్టింది. వెచ్చదనం మోకాళ్ళదాకా పాకింది. కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో పక్కింట్లో ఎవరో దగ్గారు.

"వస్తున్నానమ్మగారూ!" అంటూ ఆయా దిగ్గున లేచింది. టబ్బు బోర్లా పడింది.

కోడలు పగలబడి నవ్వింది. "సెలవు రోజు కూడా డ్యూటీయేనా అత్తయ్యా!"

ఆయా గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టింది. నీళ్ళింకా వేడిగానే ఉన్నాయి. కాళ్ళకని కాచుకున్నవి, మళ్ళీ చేతులకే తగిలాయి.