పాము తల వైపు పట్టుకున్నవాళ్ళు

ఈ ఉదయం హౌరా ఘాట్‌లో లాంచీ ఆగగానే తడిసిన కొబ్బరి తాడు వాసన ముక్కుకి తగిలింది. ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో పెరిగిన నేస్తాలూ, గుర్తుందా ఆ వాసన? గుమ్మం పక్కన మేకుకి వేలాడే మా తాత చొక్కా అచ్చం అదే వాసన వేసేది. దాని పక్కనే బస్తాలు లాగే ఇనుప కొక్కెం.

నిన్న కాలేజీలో ఒకడు, "పురాణాలు బుర్ర లేనివాళ్ళ కోసం అల్లిన అబద్ధాలు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

తాత రోజంతా ఓడల్లోంచి గంధకం బస్తాలు దించి, దగ్గుతూ ఇంటికొచ్చి, పాలసముద్రం చిలికిన కథ చెప్పేవాడు.

"పాముని తాడు సేసి లాగేరే గుంటా. తోక దేవతలు పట్టుకున్నారు. తల మనకిచ్చేరు. ఇసమంతా మన మొకానే ఊదింది."

"మనం రాక్షసులమా తాతా?"

"మరేటి? లాగినోడికి అమృతం ఎగ్గొట్టాలంటే ముందు ఆడికి రాక్షసుడని పేరెట్టాలి కదేటే!" అని నవ్వి, మళ్ళీ దగ్గేవాడు.

బడి మొహం చూడని మనిషికి తన కోపం పెట్టుకోవడానికి ఆ కథ తప్ప ఇంకో చోటు దొరకలేదు. ఏసీ గదిలో కూర్చుని దాన్ని అబద్ధమనేవాడు తోక వైపు వాడు. వాడితో కలిసి నవ్వినప్పుడు నేనూ తోకే పట్టుకున్నాను.

రేపు క్లాసులో లేచి నిలబడి ఈ కథ చెబుతాను. నవ్వితే నవ్వనీ. నేను తల వైపు నుంచి వచ్చినదాన్ని.