గోల్‌కీపరుకిచ్చిన మాట

అమెరికాలో మోరిస్‌విల్‌లో పుట్టి, తోటి పిల్లలంతా కోడింగు నేర్చుకుంటుంటే బంతిని తలతో కొట్టడం నేర్చుకున్న నీరజ్, పదకొండు సీజన్లు ప్రొఫెషనల్ సాకర్ ఆడాడు. పెద్ద లీగులో కాదు. దాని కిందదానికి కింద ఉండేదాంట్లో. రెండుసార్లు ముక్కు విరిగింది. తెలుగు సమాజం ఇదంతా ఓపిగ్గా భరించింది. ఎవరింట్లో పూజ జరిగినా, నీరజ్ వాళ్లమ్మ కృష్ణకుమారిని పక్కకు పిలిచి, చావు పరామర్శకొచ్చిన గొంతుతో "మీవాడు ఇంకా ఆడుకుంటూనే ఉన్నాడా?" అని అడిగేవారు.

మోకాలు మొరాయించాక క్లబ్బు అతన్ని స్పోర్టింగ్ డైరెక్టర్ని చేసింది. ఏ ఆటగాణ్ణి తేవాలి, ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని సాగనంపాలి అన్నది చూసే పని. పేరు చివర 'డైరెక్టర్' కనబడగానే సమాజం మేల్కొంది. గుడి హాల్లో కుర్చీ వేసి, శాలువా కప్పి, సన్మానం చేసింది. ముక్కు విరిగిననాడు ఐసుముక్క తెచ్చినవాడు లేడు గానీ, కుర్చీలో కూర్చున్నందుకు శాలువా. నీరజ్‌కి అక్కడే ఒళ్లు మండింది.

శాలువా కప్పినవాడు శశికాంత్. ఐటీ కన్సల్టెన్సీ నడుపుతాడు. క్లబ్బులో పెద్ద వాటా ఆయనదే. నీరజ్‌ని నెలల పిల్లవాడిగా ఎత్తుకున్నవాడు గనక అంకుల్. అంకుల్‌తో ఎలా పోట్లాడాలో ఏ కోచింగు కోర్సులోనూ చెప్పరు.

కుర్చీ ఎక్కగానే నీరజ్ చేసిన మొదటి పని గోల్‌కీపరు డారిల్‌కి మాటివ్వడం. డారిల్ ఏడేళ్లు తన వెనక నిలబడి, తన తప్పులన్నిటినీ ఒంటితో ఆపినవాడు. నేనున్నంతకాలం నీ చోటు నీదే, ఊరు మారే ఆలోచన పెట్టుకోకు అన్నాడు. డారిల్ నమ్మాడు. అతని భార్య వేరే ఊళ్లో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకుంది.

రెండు వారాలు తిరక్కుండానే శశికాంత్ ఆఫీసుకి పిలిచి, రాకేష్ అనే ఏజెంటు తెచ్చిన కొత్త గోల్‌కీపరు గురించి చెప్పాడు. డారిల్ కంటే చవక. మూడు దేశాల్లో ఎనిమిదేళ్ల అనుభవమట. నీరజ్ అక్కడికక్కడే, అతను ఆడానని రాసుకున్న ఒక క్లబ్బుకి ఫోన్ చేశాడు. ఆ మనిషి అక్కడ టికెట్లు అమ్మేవాడని తేలింది.

శశికాంత్ చెక్కు చెదరలేదు.

"రెజ్యూమేలో అందరూ పెట్టుకునేదే కదా నాన్నా. ఎక్స్‌పీరియెన్స్ కొంచెం పెంచుకుంటారు. జాయిన్ అయ్యాక నేర్చుకుంటాడులే."

"అంకుల్, అతను గోల్‌కీపర్."

"సరే, ఫస్ట్ టూ మంత్స్ సపోర్ట్ ఇప్పిద్దాం. ఇయర్‌ఫోన్‌లో ఎవరైనా చెప్తుంటే మేనేజ్ చేస్తాడు. మా కన్సల్టెన్సీలో అందరూ అలా వచ్చినోళ్లే. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు."

ఎదుటివాడు బంతి తన్నాక, షికాగో నుంచి ఒక సీనియరు ఇయర్‌ఫోన్‌లో 'ఎడమకి దూకు' అనడమూ, ఇతగాడు 'ఒక్కసారి రిపీట్ చేస్తారా సర్' అనడమూ నీరజ్ కళ్లకు కట్టాయి. నవ్వొచ్చేదే గానీ, ఈలోగా శశికాంత్ టీ ఊదుకుంటూ, డారిల్‌కి పొద్దున్నే మెయిల్ వెళ్లిపోయిందన్నాడు. ఇక అతని సేవలు అక్కర్లేదని. కింద సంతకం స్పోర్టింగ్ డైరెక్టరుది.

"నా పేరుతో ఎవరు పంపారు?"

"హెచ్‌ఆర్ అమ్మాయి. నీకెందుకు శ్రమ అని. ఇవన్నీ పర్సనల్‌గా తీసుకోకూడదు కన్నా."

పదకొండేళ్లు మైదానంలో రెఫరీలను దులిపేసిన నోరు అది. ఇంగ్లీషు తిట్లు అంకుల్ ముందు రాక, తెలుగు తిట్లు అసలు తెలియక, కుర్చీలోంచి లేచాడు.

"ఆ మెయిల్ నేను రాయలేదు అంకుల్. లీగ్‌కి టీమ్ లిస్టు పంపేది నేను. డారిల్ పేరే పంపుతా. నన్ను తీసేయాలంటే తీసేయండి. ఆ మెయిల్ మీ పేరుతో రాయండి."

తలుపు ధడాలున వేయబోయాడు. అది ఎంత తోసినా మెత్తగా మూసుకునే రకం. ఆ మాత్రం కోపమైనా సొంతంగా పడనివ్వని ఆఫీసు.

పార్కింగ్‌లో నిలబడే లీగుకి జట్టు పేర్లు పంపేశాడు. కారు ఎక్కేసరికి అమ్మ ఫోన్. అంకుల్ చాలా బాధపడుతున్నారట. అంత మంచి పోస్టు, ఒక్క సారీ చెప్తే అరిగిపోతావా అంది. చెప్పనమ్మా అన్నాడు. డారిల్‌ని తీసేసిన సంగతి చెప్పాడు.

"డారిల్ అంటే, మనింట్లో గోంగూర మళ్లీ వడ్డించుకున్న అబ్బాయేనా?"

"అతనే."

"మరి నాతో మాట్లాడతావేంటి? అతని దగ్గరికి పో."

నీరజ్ క్లబ్బుకి వెళ్లేసరికి డారిల్ లాకరు ఖాళీ చేసి బ్యాగు సర్దేశాడు. నీరజ్ ఒగరుస్తూ జరిగిందంతా చెప్పాడు. మెయిల్ తనది కాదు, చోటు పోలేదు, పేరు లీగుకి చేరిపోయింది. డారిల్ తల వంచుకుని, చివరిదాకా విన్నాడు.

"ఫోన్ చేద్దామనుకున్నా. కింద నీ పేరు చూశాక, ఏమని అడగాలో తెలియలేదు."

"ఇప్పుడు తెలిసింది కదా."

"తెలిసింది." బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "రేపు ప్రాక్టీసు ఎన్నింటికి, బాస్?"

ఏడేళ్లలో డారిల్ అతన్ని చాలా పేర్లతో పిలిచాడు. వాటిలో అచ్చువేయదగినవి రెండో మూడో. బాస్ అని మాత్రం ఏనాడూ అనలేదు.

"తొమ్మిదికి," అన్నాడు నీరజ్.

డారిల్ తలూపి, ఎప్పటిలా చెయ్యి కలపకుండానే బయటికి నడిచాడు.