బాలస్వామి ఎత్తిన బండ

మా సందులో ఏ ఇంటి వాకిట్లో నిలబడి కిందికి చూసినా బాలస్వామి పనితనమే కనిపిస్తుంది. బేతంచెర్లలో పుట్టాక ఇంటికి బండలు పరచకపోతే అది ఇల్లే కాదని మా నమ్మకం. ఇంటి లోపల, వాకిట్లో, పెరట్లో, ఆఖరికి తులసికోట చుట్టూ కూడా నాపరాయే. అన్నీ పరిచింది బాలస్వామే. రెండు బండల మధ్య చీమ దూరిందని చెబితే చాలు, మళ్ళీ వచ్చి కూలి అడక్కుండా సందు పూడ్చి పోయేవాడు. మనిషి మంచివాడే గానీ ఒక మొండితనం ఉంది. పరిచిన బండను తిరిగి ఎత్తడు. ఎత్తితే మేస్త్రి చెయ్యి తప్పినట్టేనట.

పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య హంపమ్మ మల్లెచెట్టు పెట్టుకుంటాను, వాకిట్లో ఒక్క బండ ఎత్తమని అడిగింది. ఆమె పుట్టిల్లు ఆదోని పక్క నల్లరేగడి పల్లె. మట్టి కనిపించని ఇంట్లో ఆమెకు మనసు పట్టలేదు. మేస్త్రి ఇంట్లోనే బండ ఊడిందని ఊరు నవ్వుతుందన్నాడు ఈయన. ఆమె మళ్ళీ అడగలేదు. అడగలేదు గానీ మరిచిపోనూ లేదు. ఎదురింటిదాన్ని కాబట్టి ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మోకాళ్ళు పట్టేసి ఆయన పని మానుకున్నాక, ఇంటి వెనక బండలు పేర్చుకునే జాగా ఖాళీ అయింది. అక్కడ ఆయన ఏనాడూ పరచలేదు కాబట్టి మట్టి మిగిలింది. దాన్ని చూసి బాలస్వామికి తోట పిచ్చి పట్టుకుంది. చుక్కకూర, మెంతికూర చల్లాడు.

"బతుకంతా దానికి రాతిపొడే తెచ్చిచ్చినా జ్యోతమ్మా. ఇప్పుడన్నా నా చేత్తో పెంచిన ఆకు అది వండుకోని తినల్ల. అంతే నా ఆశ" అన్నాడు నాతో.

ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. పిల్లులకు మాత్రం అలాంటి మొహమాటాలేమీ లేవు. చుక్కకూర మొలకెత్తిన వారానికే అవి తోటకు రావడం మొదలుపెట్టాయి. మెత్తటి మడి చూసుకోవడం, గోకడం, పని కానిచ్చుకోవడం, కప్పెట్టడం, తోక ఎత్తుకుని పోవడం. ఒకరోజు హంపమ్మ కళ్ళారా చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆ తోటలో ఆకు నా పొయ్యెక్కదు. నువ్వు తుంగభద్రలో కడుక్కోనొచ్చినా సరే" అంది.

ఇక బాలస్వామి యుద్ధానికి దిగాడు. కుక్కలకు పనిచేస్తుందని నీలిమందు నీళ్ళ సీసాలు వరసగా కట్టాడు. పిల్లులు వాటిని తీరిగ్గా చూసి పక్కనుంచి పోయాయి. కారం చల్లాడు. గాలి ఎదురు తిరిగింది. ఆ తుమ్ములకు సందు సందంతా బయటికొచ్చింది. చివరికి రాతిపొడి ఒంటికి పడదని, ఇన్నేళ్ళు దాన్ని పీల్చి తెచ్చుకున్న తన దగ్గే చెబుతుంది కదా అనుకుని, పాలిష్ ఫ్యాక్టరీ నుంచి బస్తాడు పొడి తెచ్చి మడి గట్ల మీద దట్టంగా పరిచాడు. మెత్తగా, పొడిపొడిగా, గోళ్ళకు సుఖంగా ఉంది. అంతవరకు మా సందు పిల్లులే వచ్చేవి, ఆ మర్నాటి నుంచి స్టేషన్ పక్క పిల్లులూ రాసాగాయి.

దాంతో ఒళ్ళు మండి పక్కింటి మదార్ బీ మీదికి పోయాడు. ఆమె రోజూ పిల్లులకు మిగిలిన అన్నం వేస్తుంది.

"నీ పిల్లులు నా తోటను నాశనం చేస్తాండాయి. యాడన్నా ఇడిసిపెట్టి రాపో!"

"ఏమప్పా బాలస్వామీ, రెండు మెతుకులేస్తే నావైపోతాయా?" అంది మదార్ బీ, చేటలో బియ్యం ఏరుతూనే. "పిల్లికి మట్టి కావల్ల. ఈ సందులో మట్టి యాడుండాదో నువ్వే చూపించు. చీమ దూరకుండా అన్నీ నువ్వే మూస్తివి. మిగిలిండేది నీ తోటొక్కటే."

చేసుకున్నవారికి చేసుకున్నంత అంటే ఇదే. అప్పటినుంచి బాలస్వామి ఇల్లిల్లూ తిరిగి, ఒక మూల ఒక బండ ఎత్తనిస్తారా అని అడిగాడు. పిల్లుల దొడ్డికి మా గడపే దొరికిందా అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఇక మిగిలింది ఆయన వాకిలి. మదార్ బీ గోడ మూల గడ్డపార పట్టుకుని కూర్చున్నాడు. బండ కదలలేదు. బండల మధ్య మొన కూడా దూరలేదు. చెమటలు కక్కుతూ, "ఎవడప్పా దీన్ని పరిచిండేది! బుద్ధుండాదా వానికి!" అని అరిచాడు. మేమంతా కడుపుబ్బ నవ్వాం. ఆ తర్వాత బండ లేచినప్పుడు మాత్రం ఆయన మొహం చూసి ఎవరికీ నవ్వు రాలేదు. సొంత పన్ను పీక్కున్నవాడిలా ఉన్నాడు.

గుంతలో ఇసుక పోసి, మిగిలిన రాతిపొడి పైన చల్లాడు. తోట మడిలో తుమ్మకంప పరిచాడు. పిల్లులకు ఏది సుఖమో తెలియదా? ఒక్కొక్కటే గుంతకు అలవాటు పడ్డాయి. తోట శుభ్రమైంది. పాత మొలకలన్నీ పీకేసి, మట్టి మార్చి, చుక్కకూర మళ్ళీ చల్లాడు. అది కోతకొచ్చాక గంపలో పెట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

హంపమ్మ గంప వైపు చూడలేదు. వాకిట్లో గుంత వైపు చూసింది.

"పిల్లి అడక్కుండానే బండ ఎత్తినావు కదయ్యా" అంది.

బాలస్వామి గంప కింద పెట్టాడు. వాకిట్లోకి పోయి, కుళాయి పక్క బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ మోకాళ్ళు ఎంత నొప్పో నాకు తెలుసు. సాయంత్రానికి అక్కడ మల్లె అంటు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేను మజ్జిగ అడగడానికి పోయేసరికి ఇద్దరూ తలుపు దగ్గర కూర్చుని సంగటి తింటున్నారు. చుక్కకూర పప్పు వాసన గుమ్మం దాకా వచ్చింది. హంపమ్మ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా బాలస్వామి తన ముద్ద ముట్టలేదు. పుల్లగా బాగుందో లేదో ఆమె చెప్పేలోపే ఒక పిల్లి వాకిట్లోకి వచ్చి మల్లె పాదు వాసన చూసింది.

"ఏయ్, నీది ఆ పక్క!" అని ఎడమచెయ్యి ఊపి అదిలించింది హంపమ్మ.

పిల్లి ఆ పక్కకే పోయింది. ఆమె మళ్ళీ పప్పు వేసుకుంది.