ఊదకుండా పంచడం నేర్చిన సుట్‌లిన్

చొక్కాల ఫ్యాక్టరీ మూతపడేనాటికి తామ్ సుట్‌లిన్‌కి నలభై ఎనిమిదేళ్లు. ఇరవై ఆరేళ్లపాటు కాలర్లు కుట్టిన మనిషి. మకావులో ఆ వయసు ఆడదానికి మిగిలిన దారులు రెండే: హోటలు గదులు తుడవడం, కేసినోలో పేకముక్కలు పంచడం. తుడవడానికి నడుము సహకరించదు. అందుకని పంచడం నేర్పే బడిలో చేరింది. అక్కడ పరీక్షకు రెండే అవకాశాలు. రెండోసారీ తప్పితే ఇక గడప తొక్కనివ్వరు.

అసలు తమాషా ఏమిటంటే, జూదమంటేనే ఆమెకు ఒళ్లు మంట. మొగుడు పాక్‌వాయ్ కాపురం చేసింది కేసినోలో బకారా పేకాట బల్లతోనే గాని ఈమెతో కాదు. ఆరేళ్ల కిందట పక్షవాతం వచ్చి, మూతిని ఓ పక్కకి లాగేసి, ఆ కాపురం మాన్పించింది. ఇప్పుడు ఆ మహానుభావుడే ఆమెకు గురువు. ఇల్లు గుల్ల చేసిన విద్య ఇన్నాళ్లకు ఇంటికి పనికొచ్చింది.

“రెండు వైపులు, ప్లేయరూ బ్యాంకరూ, చెరో రెండు ముక్కలు. బొమ్మలూ పదీ సున్నా. ఆసు ఒకటి. కూడితే పది దాటిందా, పది తీసెయ్. తొమ్మిదికి దగ్గరున్న వైపుదే గెలుపు. అంతేనే,” అన్నాడు పాక్‌వాయ్, వంటింటి బల్ల మీద ఎర్ర బీన్సు గింజలు పందేలుగా పేరుస్తూ.

“అంతేనా? ఈమాత్రం దానికా ఇరవయ్యేళ్లు ఇంటిమొహం చూళ్లేదు?”

“విను ముందు. ప్లేయరు మీద కాసి గెలిస్తే కాసినంతా వస్తుంది. బ్యాంకరు మీద గెలిస్తే నూటికి ఐదు కేసినోవాళ్లు పట్టుకుంటారు. రెండు వైపులా సమానమైతే టై, కాసిన డబ్బు వెనక్కొస్తుంది. టై మీదే కాస్తే ఒకటికి ఎనిమిది. అది ఆశపోతుల పందెం.”

“నువ్వు దేనిమీద కాసేవాడివి?”

“టై మీద,” అన్నాడు తల దించుకుని. సుట్‌లిన్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మూడో ముక్క దగ్గర ఆమెకు చుక్కలు కనిపించాయి. ప్లేయరుకి ఐదో అంతకు తక్కువో ఉంటే ఇంకో ముక్క తియ్యాలి. ఆరూ ఏడూ అయితే కదలకూడదు. బ్యాంకరుది మాత్రం ఎదుటివాడి మూడో ముక్కను బట్టి మారుతుంది. బ్యాంకరుకి ఆరున్నా, ఎదుటివాడికి వచ్చిన మూడో ముక్క ఆరో ఏడో అయితే తియ్యాల్సిందే. గంజి కలుపుతూ, బట్టలారేస్తూ అదే వల్లించింది. కాలర్ల కొలతలన్నీ నోటికి పట్టిన మనిషికి ఇదీ పట్టుబడింది.

పాక్‌వాయ్‌కి సరదా అంతా ముక్కను అంచు పట్టుకుని కొద్దికొద్దిగా విప్పడంలోనే. చేతిలో రెండు ఉందనుకోండి. రెండో ముక్క అంచున మూడు చుక్కలు కనబడ్డాయి. అంటే ఆ ముక్క ఆరో, ఏడో, ఎనిమిదో. ఆరైతే మొత్తం ఎనిమిది, ఏడైతే తొమ్మిది. ఎనిమిదైతే మాత్రం సున్నా. నడుమ చుక్కలు ఎగిరిపోవాలని ఈ ఊళ్లో ప్రతివాడూ ముక్కమీద ఊదుతాడు. వంకర మూతితో అతనికి ఊదడం రాదు, పక్కనుంచి గాలి పోతుంది.

“నువ్వూదవే!” అనేవాడు.

ఆమె ఊదేది. ఏడు వస్తే ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టేవాళ్లు. నిజం చెప్పొద్దూ, పెళ్లయ్యాక వాళ్లు అంత నవ్వుకున్నది ఆ వారాల్లోనే.

మొదటి పరీక్షను ఆ నవ్వే ముంచింది. బడిలో పరీక్ష పెట్టే లౌ మాస్టారు ముసలి జూదరిలా ఎదుట కూర్చుని, ముక్క అంచు విప్పుతూ “ఊదండమ్మా, ఊదండి!” అని అరిచాడు. సుట్‌లిన్ బల్లమీదికి వంగి “ఫూ!” అని ఊదేసింది. వెనకున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. పంచేవాళ్లు ఏ పక్షమూ పట్టకూడదు. లౌ మాస్టారు కాగితం మీద అడ్డగీత గీశాడు.

ఇంటికొచ్చి చెబితే పాక్‌వాయ్ ముఖం మాడిపోయింది. “నావల్లే,” అన్నాడు. మర్నాటినుంచి అతను ఎంత బతిమాలినా ఆమె ఊదకూడదు, అదే సాధన. అతను ప్రాణాలన్నీ పెట్టి బతిమాలేవాడు. ఆమె పళ్లు బిగించి చూస్తూ ఉండేది. ఆ చూడటం ఊదడం కన్నా కష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది.

రెండో పరీక్షలో మాస్టారు మళ్లీ అదే ముసలివాడయ్యాడు. కాసింది ప్లేయరు మీద. చేతిలో రెండు, ముక్క అంచున మూడు చుక్కలు. “ఊదు తల్లీ, ఇదే నా ఆఖరి పందెం!” సుట్‌లిన్ నోరు కదల్లేదు. ముక్క ఎనిమిది. మొత్తం సున్నా. మూడో ముక్క పంచింది, ఆరు వచ్చింది. బ్యాంకరు దగ్గరా ఆరే ఉంది.

“ఇద్దరికీ ఆరే, టై! నా డబ్బు నాకొచ్చేస్తుంది. ఇక తియ్యకమ్మా,” అని మాస్టారు చేతులు జోడించాడు.

ప్లేయరు మూడో ముక్క ఆరు. బ్యాంకరుకి తియ్యాల్సిందే. తీసింది. ఆసు. బ్యాంకరు ఏడు. ఆమె అతని పందెం బిళ్లలు లాక్కుంది.

మాస్టారు కాగితం మీద సంతకం పెట్టి, ముసలివాడి గొంతు వదిలేసి అడిగాడు. “ఉత్తినే అడుగుతున్నా, లిన్ అక్కా. ఆ ఒక్క క్షణం నేను గెలవాలనుకున్నావా, ఓడాలనుకున్నావా?”

“రెండూ కాదు మాస్టారూ,” అంది సుట్‌లిన్. “మీరు లేచి ఇంటికి వెళ్లిపోతే బాగుండనుకున్నాను.”