వీరవెంకటసత్యనారాయణ గారి పది నిమిషాలు

అంపైర్‌తో తగాదా పడకుండా వీరవెంకటసత్యనారాయణ గారు ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ కూడా ముగించి ఎరుగరు. దుబాయ్ పక్కన జెబెల్ అలీలో రేవు కట్టిన కొత్తల్లో ఓ కంపెనీ ట్రైనింగ్ కాలేజీకి ఆరేళ్ళు కోచ్‌గా పనిచేశారాయన. ఆయన ఘనతలు సామాన్యమైనవి కావు. ఆడించిన మ్యాచ్‌లు నలభై ఒకటి. గెలిచినవి తొమ్మిది. పెట్టుకున్న తగాదాలు నూట పద్దెనిమిది. ఈ చివరి అంకెను దుబాయ్ మొత్తంలో ఇంకెవరూ అందుకోలేదు.

నిజానికి ఆయన కాకినాడ దగ్గర డ్రిల్లు మాస్టారు. కంపెనీలో స్టోరు చూడ్డానికి వచ్చారు. అమెరికా ఇంజనీర్లు వెళ్ళిపోతూ బ్యాట్లూ గ్లవుజులూ కాలేజీకి వదిలేస్తే, కాలేజీ పెద్ద అయిన ముదీర్ "ఈ ఆట ఎవరికి తెలుసు?" అన్నాడు. ఈయన చెయ్యెత్తారు.

"ఎప్పుడైనా చూశావా?"

"చూడకపోతే ఏమైందండీ? కర్రా బంతే కదా!"

ఆటగాళ్ళంతా పొద్దున ఇనుము మోసి, మధ్యాహ్నం వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన హన్మాండ్లు క్యాచర్. ముఖానికి ఇనుప జాలీ, ఛాతీకీ కాళ్ళకీ దిళ్ళలాంటి ప్యాడ్లు కట్టుకుని బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చోవాలి. శుక్రవారం మూడింటి ఎండలో ఆ వేషం వేస్తే ప్రెషర్ కుక్కర్లో కూర్చున్నట్టే ఉండేది. కంపెనీ బస్సు సరిగ్గా అయిదున్నరకు కదిలిపోతుంది కాబట్టి మధ్యలో విరామాలేమీ ఉండకూడదని ముదీర్ హుకుం.

అయినా ఆట ఆగేది, మన కోచ్ గారి పుణ్యమా అని. ఆయన లేచి, చొక్కా లోపలికి దోపి, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, హైదరాబాదీ అంపైర్ అమానుల్లా దగ్గరకు పెళ్ళినడక నడిచేవారు.

"అమానుల్లా గారూ! నేనండీ, వీరవెంకటసత్యనారాయణని మాట్లాడుతున్నాను."

"ఎదురుంగనే ఉన్నవ్ గద మాస్టర్ సాబ్! పేరెందుకు మళ్ళ?"

"పేరు చెప్పకుండా మాట్లాడ్డం మర్యాద కాదండీ. ఇప్పుడా బంతి నేలని తాకిందా, నేల బంతిని తాకిందా?"

"యా అల్లా!"

అలా పది నిమిషాలు. ఓసారి గాలి ఎటు వీస్తోందన్న దాని మీద పన్నెండు నిమిషాలు లాగించారు. హన్మాండ్లుకు తల కొట్టేసినట్టుండేది. "సారుకు నోరు దురద," అనేవాడు మనసులో.

ఎనభై నాలుగులో కప్పు ఫైనల్ వచ్చింది, అజ్మాన్ జట్టుతో. ముదీర్ ముందే చెప్పేశాడు: "ఇంకొక్క తగాదా పెట్టావంటే నీ కోచ్ పని ఖలాస్." కప్పు చుట్టి తెచ్చుకోవడానికని కోచ్ గారు కొత్త తువ్వాలు కొనుక్కొచ్చారు. నోట్లో లవంగం పెట్టుకుని మూతి బిగించుకు కూర్చున్నారు. గంటన్నర గడిచినా మాట్లాడలేదు. అమానుల్లాయే బెంగపడి "మాస్టర్ సాబ్, తబియత్ మంచిగుందా?" అని అడిగాడు.

చివరి వంతు. అజ్మాన్ వాళ్ళు ఒక్క పరుగు వెనక. వాళ్ళవాడు పరుగు పూర్తి చేయడానికి దూసుకొచ్చాడు. హన్మాండ్లు బంతి అందుకుని, వాడు గీటు చేరకముందే వాడి ఒంటికి తగిలించాడు.

"ఔట్!" అన్నాడు అమానుల్లా.

ఇంకొకణ్ణి ఔట్ చేస్తే కప్పు మనదే. హన్మాండ్లు మాత్రం లేవలేదు. అతనికి ఇద్దరు అమానుల్లాలు కనిపిస్తున్నారు.

కోచ్ గారు లవంగం ఉమ్మేశారు. తువ్వాలు పక్కన కూర్చున్న ఆటగాడు ఇమామ్ హుస్సేన్ మీదకు విసిరి, చొక్కా దోపుకున్నారు.

"అమానుల్లా గారూ! నేనండీ, వీరవెంకటసత్యనారాయణని! అది ఔట్ కాదండీ!"

"అరే, ఔటైంది వాళ్ళోడు! నువ్వు ఎవరి కోచ్‌వయ్యా?"

"న్యాయానికి కోచ్‌నండీ!"

గట్టు మీద ముదీర్ తల పట్టుకున్నాడు. ఈలోగా కుర్రాళ్ళు హన్మాండ్లును బస్సు నీడలోకి ఈడ్చి, ప్యాడ్లు విప్పి, తడి తువ్వాలు నెత్తిన వేశారు.

"సారుకు పిచ్చి లేసిందా? నేను మంచిగనే ఔట్ జేసిన గదరా!" అన్నాడు హన్మాండ్లు, నీళ్ళు తాగి.

కడప ఇమామ్ హుస్సేన్ గొంతు తగ్గించాడు. "పోయినసారి నాకు కండ్లు తిరిగినప్పుడు గూడా సారు ఇట్లనే పొయినాడు బ్బా. ఆ గాలి గొడవ."

హన్మాండ్లు ఒక్కొక్క తగాదా గుర్తు చేసుకున్నాడు. ప్రతిదాంట్లోనూ ఎవడో ఒకడు నీడన కూర్చుని నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

పదిహేను నిమిషాలకు అమానుల్లా చేతులెత్తేశాడు. "సరే బాబా, ఔట్ కాదు! ఖలాస్!" అజ్మాన్‌కు ఆ పరుగు వచ్చింది, వెనకే ఇంకొకటీ వచ్చింది. కప్పు అజ్మాన్ వెళ్ళింది. కోచ్ గారు స్టోరుకు వెళ్ళారు.

ఆ రాత్రే హన్మాండ్లు సంగతంతా అమానుల్లాకు చెప్పాడు. మరుసటి శుక్రవారం అమానుల్లా ఆట మధ్యలో చెయ్యెత్తి, "పానీ! పది నిమిషాలు!" అని అరిచాడు. బస్సు ఆలస్యమైతే ముదీర్‌కు తనే జవాబు చెప్పుకుంటానన్నాడు. కోచ్ గారు జనంలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. అమానుల్లా "యల్లా! ఇగ లేవుండ్రి!" అనగానే లేచి, చొక్కా దోపి, కళ్ళజోడు తుడుచుకుని మైదానంలోకి నడిచారు.

"తొమ్మిది నిమిషాలే అయిందండీ!"

"ఎవరు నువ్వు? ఇప్పుడు కోచ్‌వి గూడ కాదు గద!"

"నేనండీ, వీర... వెంకట... సత్య... నారాయణని..."

ఆయన పేరు పూర్తయ్యేసరికి పదో నిమిషం కూడా అయిపోయింది. హన్మాండ్లు ఇంకో గ్లాసు తాగి, తీరిగ్గా లేచాడు.