అన్నం పెట్టిన ఇంటి దేవుడు

భద్రాచలం అడవి అంచున నర్సుగా ఇన్నేళ్ళు పనిచేసి నేను బాగా నేర్చుకున్నది నోరు మూసుకుని నడవడం. మాది నేలకొండపల్లి వైపు. మోకాళ్ళు అరిగాయి గానీ బదిలీ మాత్రం రాలేదు.

వాగు అవతలి గూడెం వాళ్ళు కాల్పులకు భయపడి పక్క రాష్ట్రం నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. పోడు కొట్టుకుంటే ఫారెస్టువాళ్ళు గుడిసెలు పీకేస్తారు, కాగితాలు అడిగితే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. సర్కారు బండి వెళ్ళని ఆ గూడేనికి రెండు జీపులు మాత్రం వెళ్ళేవి. ఒక జీపువాళ్ళు బియ్యం ఇచ్చి ప్రార్థనకు రమ్మన్నారు. అది చూసి ఇంకో జీపువాళ్ళు దుప్పట్లు పంచి పూజకు రమ్మన్నారు. డబ్బు చూపి మనుషుల్ని కొంటున్నారని వాళ్ళు వీళ్ళను, వీళ్ళు వాళ్ళను తిట్టేవారు. ఇద్దరూ వచ్చి నాకే చెప్పుకునేవారు. బియ్యం మంచివే, దుప్పట్లూ మంచివే. వినీ వినీ నాకే విసుగొచ్చింది.

గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లో తింటే వాళ్ళింటి దేవుడి కొలుపుకు వెళ్ళి కూర్చోవాలి. కూర్చున్నంత మాత్రాన తమ వేల్పును వదిలినట్టు కాదు. అందుకే ప్రార్థనకూ వెళ్ళారు, పూజకూ వెళ్ళారు. జీపులవాళ్ళకు అది గోడమీది పిల్లి వాటంగా కనిపించింది.

పోయిన వానాకాలం అక్కడ ఒక పిల్లకు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వాగు ఇవతలే ఆగిపోతుంది. జీపులైతే దాటగలవు. గూడెం నుంచి నేనే రెండు జీపులవాళ్ళకూ ఫోన్ చేశాను.

"ఆ ఇంటోళ్ళు ఇప్పుడు ఎటువైపు ఉన్నరు మేడం?" అన్నాడు మొదటాయన. రెండో ఆయనా అదే అడిగాడు.

"నొప్పుల వైపు" అన్నాను, ఒళ్ళు మండి.

ఇద్దరూ చూస్తామన్నారు. చాలాసేపు చూశాం, ఎవరూ రాలేదు. చివరికి మంచాన్ని కర్రకు వేలాడదీసి, పిల్ల మొగుడూ అన్నదమ్ములూ బురదలో మోశారు. వాగు ఒడ్డునే కాన్పయింది. ఆడపిల్ల. ఒక్కసారి ఏడ్చి ఊరుకుంది. నోటితో ఊపిరి ఊదాను, గుండె మీద వేళ్ళతో నొక్కాను. లాభం లేకపోయింది. తల్లి దక్కింది. నర్సునన్న సంగతి మరిచి ఆ బురదలోనే కూలబడి ఏడ్చాను.

తెల్లవారాక రెండు జీపులూ వచ్చాయి. ఇద్దరూ కొత్తబట్ట తెచ్చారు. తమ పద్ధతిలోనే పూడ్చాలని ఒకరు, కాదు తమ పద్ధతిలోనేనని ఇంకొకరు పట్టుబట్టారు. కోపం కూడా రానంత అలసటగా ఉంది నాకు.

తండ్రి పాతికేళ్ళు కూడా నిండనివాడు. గుంత తవ్వుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"మీ బియ్యం నేను తిన్న, మీ ప్రార్థనకు వచ్చిన. వీళ్ళ దుప్పటి కప్పుకున్న, పూజల కూసున్న. నా బిడ్డ తల్లి పాలే తాగలే. మీది ఏం తిన్నదని మీ ఎంబడి వస్తది? పోండ్రి."