గంజి లేని బువ్వ

ఆ రోజుల్లో ఒంటరిగా గది తీసుకుని ఉద్యోగం చేసుకునే పెళ్లికాని కుర్రవాణ్ణి చూస్తే వరంగల్లో ఎవరికైనా రెండే అనుమానాలు వచ్చేవి. ఒకటి, వీడు ఎక్కడ తింటున్నాడు? రెండు, అసలు తింటున్నాడా? (మూడో అనుమానం ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకు మాత్రమే వచ్చేది, నా విషయంలో వాళ్లు కూడా అంత దూరం ఆలోచించలేదని తరువాత తెలిసి కొంచెం నొచ్చుకున్నాను.) ఇప్పటి పిల్లలు అన్నాన్ని తలుపు దగ్గరికే పిలిపించుకుంటున్నారు. తప్పు పట్టను. పైగా వాళ్లను చూసినప్పుడల్లా లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉంటుంది. ఎందుకంటే డెబ్బయిల చివర్లో మట్టెవాడలో ఒక్క గదిలో ఉంటూ నా అన్నం నేనే వండుకున్నవాణ్ణి నేను. అంతేకాదు, నేనే వండుకున్నానని నలుగురి ముందు రుజువు కూడా చేసుకున్నవాణ్ణి. వండుకోవడం ఎలాగో వచ్చింది కాని, రుజువు చేయడానికే చెమటలు పట్టాయి.

మాది పరకాల దగ్గర ఒక ఊరు, మగ్గం నేసే ఇల్లు. మా ఇంట్లో మొదట డిప్లొమా చదివినవాణ్ణీ, మొదట నెల జీతానికి కుదిరినవాణ్ణీ నేనే. వరంగల్లో ఒక నూలు మిల్లులో సూపర్వైజరు పని. చదువు వల్లో పుట్టుక వల్లో, ఏ విషయాన్నైనా ఒకటి, రెండు, మూడు అని విడగొట్టుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు. మొదట్లో మిల్లు కుర్రాళ్లందరిలాగే నేనూ మెస్సులో తినేవాణ్ణి. ఆ మెస్సులో ఖాళీ కుర్చీ అనేది ఉండేది కాదు. తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి, వాడు లేవగానే కూర్చోవాలి. అందుకని ఎవరి వెనక నిలబడాలన్నది పెద్ద లెక్క. పప్పులో ఉన్నవాడి వెనక నిలబడితే ఆలస్యం. మజ్జిగలో ఉన్నవాడి వెనక అప్పటికే ఎవడో ఉంటాడు. సాంబారులో ఉండి మాటిమాటికీ చేతి గడియారం చూసుకునేవాణ్ణి పట్టుకోవాలి. ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. నాతో పనిచేసే ఒకడు (మారు అన్నం అడగకుండా ఏనాడూ లేచినవాడు కాదు కాబట్టి వాణ్ణి అందరూ 'ఫుల్ మీల్స్' అనేవాళ్లు) నేను ఎక్కడ నిలబడితే ఆ పక్క కుర్చీ వెనక వచ్చి నిలబడేవాడు. "అన్నా, నీ లెక్క ఎన్నడన్న తప్పిందా!" అనేవాడు.

కుర్చీ లెక్క తప్పలేదు కాని కడుపు లెక్క తప్పింది. ఆ సాంబారు నన్ను మంచాన పడేసింది. కాస్త తేరుకుని ఊరికి వెళితే మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, నా చెంపలు తడిమి, "పోరడు నూలుపోగు లెక్క అయిండు గదరా," అంది. నాయన మగ్గం దిగకుండానే తీర్పు చెప్పాడు. "హోటల్ కూడు తిని పానం మీదికి తెచ్చుకునుడు వద్దు. వండుకొని తింటే ఆడ ఉండు. లేకుంటే ఇంటికాడ ఉండి బస్సుకు పోయి రా." మా ఊరి మొదటి బస్సు వరంగల్ చేరేసరికి మిల్లులో మొదటి షిఫ్టు సగం అయిపోతుంది. అంటే ఇంటికాడ ఉండడమంటే ఉద్యోగం వదిలేయడమే. ఆ మాటే చెప్పాను. "అయితే వండుకో. బాపమ్మ వచ్చి చూసి చెప్తది," అన్నాడు. పడుగు నూలుకు పట్టించే గంజి చిక్కనయిందా పలచనయిందా అన్న దగ్గరనుంచి కోడళ్ల పుట్టింటి ప్రయాణాల దాకా మా ఇంట్లో ఆమె చూసి చెప్పిందే తీర్పు. నా ఉద్యోగం ఇప్పుడు ఆమె నాలుక మీద ఉంది.

అలా మొదలైంది నా వంట. ముందు కిరసనాయిలు వత్తుల స్టవ్వు సంగతి. కొత్తలో అది పసుప్పచ్చటి మంటతో పొగ చిమ్మి గిన్నె అడుగంతా నల్లగా చేసేది. పొగ వస్తోందంటే నూనె పూర్తిగా కాలడం లేదని అర్థం. వత్తులన్నీ ఒకే ఎత్తుకు కత్తిరించి, బర్నరు రంధ్రాలు సూదితో శుభ్రం చేసి, మంట నీలంగా మారేదాకా వదల్లేదు. తరువాత అన్నం. మా ఇంట్లోనే కాదు, నేనెరిగిన ఏ ఇంట్లోనైనా బియ్యాన్ని బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ మిగిలిన గంజిని వంచేస్తారు. నాకది నచ్చలేదు. ఒకటి, చేతులు కాలుతాయి. రెండు, వంచి తీసేయడానికే నీళ్లు పోయడమేమిటి, వాటిని మరిగించడానికి నూనె తగలేయడమేమిటి? మూడు, అన్నంలోని బలం సగం గంజితోనే పోతుందని మా లెక్చరర్ ఒకాయన చెప్పాడు. అందుకని బియ్యం ఎన్ని నీళ్లు తాగుతుందో అన్నే పోయాలని నిర్ణయించాను. కొన్నాళ్లు జావ తిన్నాను, కొన్నాళ్లు పలుకులు నమిలాను. చివరికి ఒక పూట మెతుకు మెతుకూ విడివిడిగా, మెత్తగా, తెల్లగా వచ్చింది. వెంటనే జామెట్రీ డబ్బా తీసి, నీళ్లు ఉండవలసిన ఎత్తు దగ్గర గిన్నె లోపల కంపాసు ముల్లుతో ఒక గీత గీశాను. డిప్లొమా పట్టా చేతికొచ్చిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

బాపమ్మ ఒక ఆదివారం పొద్దున్న దిగింది. అప్పటికే నా వంట అయిపోయింది. అన్నం, పచ్చిపులుసు మూతలు పెట్టి ఉన్నాయి. స్టవ్వు తుడిచాను, గట్టు తుడిచాను, చివరికి గిన్నె అంచులు కూడా తుడిచాను. (ఎంత శుభ్రంగా ఉంటే అంత మెచ్చుకుంటుందనుకున్నాను.) ఆమె బస్సు దుమ్ము పట్టిన చీర విప్పి, సంచిలోని రెండో చీర కట్టుకుని, విప్పిన చీరను బావి దగ్గర ఉతికి, పిండి, భుజాన వేసుకుని వచ్చింది.

"గంజి ఏడ పెట్టినవ్ రా? చీరెకు పెట్టుకుంట."

"గంజి లేదు బాపమ్మా."

"పారబోసినవా?"

"పారబోయలే. అసలు రాలే."

ఆమె చీరను దండెం మీద వేసి, నెమ్మదిగా వచ్చి గిన్నె మూత తీసింది. ఒక మెతుకు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. మెచ్చుకుంటుందనుకున్నాను. గిన్నె ఎత్తి అడుగు చూసింది.

"మసి ఏది?"

"మసి పట్టది బాపమ్మా. మంట నీలంగ..."

"బియ్యం ఉడికితె గంజి రాదు. పొయ్యి మీద పెడితె మసి పట్టది. నీ సదువుల గిట్లనే చెప్పిన్రా బిడ్డా?"

అప్పుడు అర్థమైంది నాకు. గంజీ మసీ లేని వంట ఆమె దృష్టిలో వంటే కాదు, కొనుక్కొచ్చిన కూడు. వంట ఎంత బాగా నేర్చుకున్నానో, వండినట్టు ఆనవాలు అంత లేకుండా చేసుకున్నాను. ఇంతలో ఇంటి ఓనరమ్మ వచ్చింది. ఆమెకు పెరట్లో ఒక బర్రె ఉండేది కాబట్టి మేం ఆమెను బర్రె పెద్దమ్మ అనేవాళ్లం. బాపమ్మ ఆమెనే సాక్ష్యం అడిగింది.

"అవ్వా, నాకెందుకు అబద్ధం," అంది బర్రె పెద్దమ్మ. "పిలగాడు బంగారం. కని కిరాయికున్నోళ్లందరు మా బర్రె కుడితిల గంజి పోస్తరు. ఈయన వచ్చిన కాడికెల్లి ఒక్కనాడన్న ఒక్క చుక్క పోసిండా? ఏడ తింటాండో నాకైతె ఎరుక లేదు."

పెరట్లోని కుడితి తొట్టి దగ్గర బర్రె కూడా, అవునన్నట్టే, తల ఊపుతూ నిలబడింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఫుల్ మీల్స్ ప్రత్యక్షమయ్యాడు. చేతిలో టిఫిన్ డబ్బా. గదిలో పెద్దవాళ్లున్నారని చూడనైనా చూడలేదు.

"అన్నా, మీ బాపమ్మ గీ ఆదివారం వస్తదేమో అన్నవ్ గదా. నీ ఇజ్జత్ పోవద్దని మెస్సుల కెల్లి వంకాయ కూర, బువ్వ తెచ్చిన. జల్ది నీ గిన్నెలల్ల పోసుకో!"

బాపమ్మ వాణ్ణి ఎంతో ప్రేమగా చూసింది. "రోజు నువ్వే తెస్తవా బిడ్డా?"

వాడు ఏనాడూ తెచ్చినవాడు కాదు. కాని నన్ను కాపాడాలన్న ఆత్రంలో, "రోజు కాదవ్వా, అప్పుడప్పుడు," అన్నాడు. అంతటితో కేసు ముగిసింది. బాపమ్మ మూలనున్న నా ట్రంకు పెట్టె వైపు చెయ్యి చూపించింది.

"సామాను సదురుకో. పొద్దుమీకి బస్సుకు ఇద్దరం పోదాం. మీ నాయనకు నేను చెప్త."

"మళ్ల వండుత," అన్నాను. "నీ ముంగటనే. అందరికి. చుక్క గంజి వస్తె నీ ఎంబడి వస్త."

చెప్పడం ధీమాగానే చెప్పాను. ఆ తరువాత చూసుకుంటే నా గిన్నె ఒక్కడికే సరిపోయేది, నా గీత ఆ గిన్నెలోనే ఉంది. బర్రె పెద్దమ్మ తన పెద్ద గిన్నె తెచ్చి ఇచ్చింది. దానికి గీత లేదు. బియ్యం పెరిగింది కదా అని నీళ్లను కూడా అదే పాళ్లలో పెంచుకుంటూ పోతే? కూడదు. బియ్యం తాగే నీళ్లు బియ్యాన్ని బట్టి పెరుగుతాయి, సరే. ఆవిరైపోయే నీళ్లు పెరిగేది మూత సందును బట్టి, మంట మీద ఉన్న సేపును బట్టి. అవి అంతగా పెరగవు. కాబట్టి గ్లాసులతో కొలిచి పోసి, చివరి గ్లాసులో కొంత ఆపేశాను. బాపమ్మ స్టవ్వుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పక్క వాటాల ఆడవాళ్లు కూడా వచ్చి గుమ్మంలో చేరారు.

"ఇంకిన్ని పొయ్యి."

"వద్దు."

"మాడుతది."

"మాడది."

"ఏందిరా మొండితనం! అడుగంటితె ఎవలు తింటరు?" అంటూ చెంబు ఎత్తబోయింది. నేను గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టాను. చెయ్యి కాలింది. తీయలేదు. ఫుల్ మీల్స్ ఆ చెంబును మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని, దాహమైనవాడిలా నీళ్లన్నీ తాగేశాడు. (ఆ రోజు వాడు చేసిన ఒకే ఒక్క మంచి పని.)

నీళ్లున్నంతసేపు గిన్నె గులగుల మంటుంది. నీళ్లు ఇంకిపోయాక ఆ చప్పుడు సన్నబడి చిటపటలోకి దిగుతుంది. మిల్లులో యంత్రాల చప్పుడు వినడం నేర్చుకున్న చెవి కదా, గిన్నెకు దగ్గరగా పెట్టి విన్నాను. చిటపట మొదలవగానే మంట ఆర్పేశాను. "అయిందా?" అంది బాపమ్మ. "మూత తియ్యొద్దు. జర ఆగు," అన్నాను. మా ఇంట్లో బాపమ్మను ఆగమన్న మొదటి మగవాణ్ణి బహుశా నేనే.

తరువాత గుడ్డతో గిన్నె పట్టుకుని, మూత వేసే ఉంచి, అందరినీ పెరట్లోకి నడిపించాను. కుడితి తొట్టి మీద గంజి వంచినట్టే వంచాను. చుక్క పడలేదు. ఇంకా వంచాను. పడలేదు. బర్రె తొట్టిలోకి చూసి, తల ఎత్తి నా వైపు చూసింది. అప్పుడు మూత తీశాను. మెతుకులన్నీ నిలబడి ఉన్నాయి, మల్లెమొగ్గల్లాగా. ఆ క్షణంలో నాకంటే పొడుగైనవాడు వరంగల్లో ఉండి ఉండడు.

బాపమ్మ కంచం ముందు కూర్చుంది. పచ్చిపులుసు పోసుకుని తింది. మారు పెట్టించుకుంది. గిన్నె అడుగున సన్నటి పొరలా అంటుకున్న మాడును గరిటెతో గీకి, "ఇది నాకు," అని తన కంచంలో వేసుకుంది. మెస్సు అన్నాన్ని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం పక్కకు జరిపి, ఆ డబ్బాను దాని యజమానికే ఇచ్చేసింది. అది వాడు పూర్తి చేశాడని వేరే చెప్పాలా? చివరికి బాపమ్మే ఆ పెద్ద గిన్నెను తిప్పి అడుగు చూసి, బర్రె పెద్దమ్మతో, "నీ పాత మసే ఉన్నదమ్మా, కొత్తది పట్టలే," అని తనే ప్రకటించింది. తరువాత నా వైపు తిరిగింది.

"ఉండు కొడుకా. ఈడనే ఉండు. మీ నాయనకు చెప్త."

నా ఉద్యోగం నాకు దక్కింది. కాని సాయంత్రం బస్టాండుకు బయల్దేరేటప్పుడు ఆమె ఉతికిన చీరనే కట్టుకుంది. దానికి గంజి లేదు. బర్రె పెద్దమ్మ ఇంటి గంజి పొద్దుననే కుడితిలో కలిసిపోయింది. పుట్టినప్పటినుంచి మగ్గాల మధ్య బతికిన మనిషి, పెళపెళలాడే చీర లేకుండా గడప దాటని మనిషి, ఆ మెత్తటి చీరలో బస్సు దాకా కొంగు సర్దుకుంటూనే నడిచింది. "ఒంటి మీద నిలుస్తలేదురా ఇది," అంది బస్సు మెట్టు ఎక్కుతూ. దానికి నా దగ్గర లెక్క లేదు.

తరువాత ఊరికి వెళితే నాయన చెప్పాడు, బాపమ్మ ఆ చీరలోనే మా వాడంతా తిరిగి, "నా మనుమడు నీళ్లు కొలిచి పోస్తడు. చుక్క మిగలది, చుక్క తక్కువ కాదు," అని అందరికీ చెప్పిందట. వినేవాళ్లు నమ్మకపోతే కొంగు చూపించేదట, గంజి లేదు చూడండని. తను మాత్రం చివరిదాకా గంజి వంచడం మానలేదు. నేను కూడా నా గిన్నెలో పాత గీతకు పైన ఇంకో గీత గీశాను. దాని పేరు బాపమ్మ గీత. ఆమె వచ్చిన ప్రతిసారీ నీళ్లు అక్కడిదాకా పోసి, చేతులు కాల్చుకుంటూ గంజి వంచి, చీరకు ఇచ్చి, మిగిలింది బర్రెకు పోసేవాణ్ణి. బర్రెకు నా మీద ఉన్న అభిప్రాయం కూడా దానితో మారింది.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు కుక్కర్ ఉంది. దాని లోపలి గిన్నెకు కంపెనీవాళ్లే వరసగా గీతలు గీసి పంపారు. చూసినప్పుడల్లా, ఇది మట్టెవాడలో నేను ఎప్పుడో గీసిన గీతే కదా అనిపిస్తుంది. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ, "చెప్పిన్రు, చెప్పిన్రు," అంటుంది. ఆ గీతల్లో ఎంత వెతికినా బాపమ్మ గీత మాత్రం కనిపించదు. గిన్నె కడిగి వేలితో తడుముతుంటే, కుడితి తొట్టి మీద వంచిన గిన్నెతో రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఆ సన్నటి కుర్రాడు కళ్లముందుకొస్తాడు. ఒరే, ముసలామె చీరకు కాస్త మిగిల్చవచ్చు కదరా, అందామనుకుంటాను. వాడు వినడు. ఆ రోజు వినకపోబట్టే కదా ఇన్నేళ్లుగా తలెత్తుకుని తింటున్నానని, వాణ్ణి అలాగే నిలబడనిస్తాను.